బడిలోకి రావలసిన దుకాణం

ఉన్నత పాఠశాల ఉన్న ఊరేదైనా సరే, గేటుకు ఎదురుగానో ప్రహరీ మూల తిరగగానో ఒక చిన్న దుకాణం ఉంటుంది. తుంగతుర్తి, తిరుమలగిరి, నూతనకల్, అర్వపల్లి, మద్దిరాల ఏ మండల కేంద్రానికి పోయినా ఇదే తీరు. ముందు తీగకు దండలుగా వేలాడే అయిదు రూపాయల ప్యాకెట్లు, డబ్బాల్లో చాక్లెట్లు, ఐస్ పెట్టె, రంగునీళ్ల సీసాలు, పక్కన తోపుడు బండి మీద మిర్చి బజ్జీలు, ఎండలు ముదిరేసరికి ఉప్పుకారం అద్దిన మామిడి ముక్కలు. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే బడి సగం అక్కడికి చేరుతుంది. చదువు గురించి మనం చేసే చర్చల్లో ఈ పది నిమిషాలకు చోటు లేదు. పాఠ్యపుస్తకాలకు, యూనిఫాంలకు, మధ్యాహ్న భోజనానికి లెక్కలున్నాయి, తనిఖీలున్నాయి. పిల్లలు తమ చేతి చిల్లరతో ఏం కొనుక్కుని తింటున్నారన్నది మాత్రం ఏ శాఖ బాధ్యతా కాదు. తల్లి పొలంలో ఉంటుంది, టీచరు స్టాఫ్ రూంలో ఉంటారు, ఆహార భద్రతా అధికారి జిల్లా కేంద్రంలో ఉంటారు. ఆ కాసేపు పిల్లల తిండికి పూచీ పడే పెద్దమనిషి ఒక్క దుకాణదారే. ఆ దుకాణాన్ని నిషేధాలతో తరమాలని చూడడం వృథా అని, దానికి బడి లోపలే చోటిచ్చి ఊరి మహిళా సంఘం చేతిలో పెట్టి, లెక్కలు పిల్లల ఎదుట నడపాలని ఈ వ్యాసం వాదన.

బడి లోపల దుకాణం ఎలా ఉంటుందో మన పిల్లలకు కొంత తెలుసు. కొరియన్ సీరియళ్లు తెలుగు డబ్బింగులో ఫోన్లలోకి వచ్చాక అక్కడి తరగతి గది, యూనిఫాం, పీరియడ్ల మధ్య కారిడార్లో పరుగు మన టీనేజి పిల్లలకు అలవాటైన దృశ్యాలయ్యాయి. ఆ పరుగు ఎక్కువగా బడి దుకాణానికే. కొరియన్లో దాన్ని మేజొమ్ అంటారు. కిటికీ అంత కౌంటరు, క్రీము నింపిన బన్ను, అరటిపండు రుచి పాలు, మూడు మూలల అన్నం ముద్ద, కప్పు నూడుల్స్. ఉన్నత పాఠశాల విద్యార్థికి అక్కడ రోజు చాలా పొడుగు. తరగతులయ్యాక రాత్రి దాకా బడిలోనే కూర్చుని చదువుకునే పద్ధతి దశాబ్దాల పాటు నడిచింది, ఆపైన ట్యూషన్ కేంద్రాలు. పిల్లలు మరీ నలిగిపోతున్నారని సియోల్ నగరం ఆ కేంద్రాలు రాత్రి 10 దాటి నడవకూడదని నిబంధన పెట్టవలసి వచ్చింది. మన ఇంటర్ కాలేజీల స్టడీ అవర్లు ఎరిగినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. అంత పొడుగు రోజులో ఆ కౌంటరు ముందు గడిపే కొద్ది నిమిషాలే పిల్లలవి. మార్కులు అడిగేవారు లేని, స్నేహితుడికి సగం బన్ను తుంచి ఇచ్చే వేళ అది. అందుకే పెద్దయ్యాక కొరియన్లు బడిని తలుచుకుంటే ఆ దుకాణం కూడా గుర్తుకొస్తుంది.

దక్షిణ కొరియా తన బడి దుకాణాలతో ఏం చేసిందన్నది మనకు ఇంకా ముఖ్యం. పిల్లల ఆహార భద్రత కోసం 2008లో ప్రత్యేక చట్టం చేసి, 2009 మార్చి నుంచి అమలులోకి తెచ్చారు. కేలరీలు ఎక్కువై పోషకాలు తక్కువైన తినుబండారాలను బడి దుకాణంలో అమ్మకూడదన్నారు. బడి చుట్టూ 200 మీటర్ల మేర ఆహార రక్షణ ప్రాంతమని బోర్డులు పెట్టారు. 2010 నుంచి సాయంత్రం 5 నుంచి 7 గంటల మధ్య టీవీలో అలాంటి తిండి ప్రకటనలను కట్టడి చేశారు. నిద్ర మానుకుని చదివే పిల్లలు కాఫీ మీద బతుకుతున్నారని గమనించి 2018 సెప్టెంబరు 14 నుంచి బడుల్లో కాఫీ అమ్మకాన్నే ఆపేశారు. ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ అందులో ఒక బొక్క మిగిలిపోయింది. బడి లోపలి దుకాణానికి నిషేధం పూర్తిగా వర్తించింది. గేటు బయట 200 మీటర్లలో మాత్రం మంచి దుకాణమని గుర్తింపు పొందినవాటికే అది వర్తిస్తుంది. ఆ గుర్తింపు అక్కర్లేదనుకున్న దుకాణం ఏదైనా అమ్ముకోవచ్చు. ఫలితంగా లోపలి దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, పిల్లలు గేటు దాటి మూలమీది కన్వీనియన్స్ స్టోరుకు నడిచారు. అక్కడ అదే కాఫీ, అవే నూడుల్స్, ఇంకా పెద్ద అరలు. అమ్మకం ఒక కౌంటరు నుంచి ఇంకో కౌంటరుకు మారింది. పిల్లల ఆకలి, పిల్లల ఇష్టం అలాగే ఉన్నాయి.

కొన్ని బడులు ఇంకో దారి పట్టాయి. బడి దుకాణాల్లో నాసిరకం సరుకు ఎందుకుంటోందని వెతికితే కారణం వ్యాపారి దుర్బుద్ధి కంటే వేలం పద్ధతిలో ఎక్కువ దొరికింది. ప్రభుత్వ ఆస్తిలోని గదిని ఎవరు ఎక్కువ అద్దెకు పాడితే వారికే ఇవ్వాలన్నది అక్కడి నిబంధన. ఎక్కువ పాడినవారు ఆ డబ్బు రాబట్టుకోవాలి. చవకగా వచ్చి, నెలల తరబడి చెడిపోకుండా, పిల్లలు ఎగబడే సరుకునే అమ్మాలి. పళ్లు, పాలు ఆ లెక్కకు సరిపోవు. 2012 డిసెంబరు 1న కొరియాలో కొత్త సహకార చట్టం అమలులోకి రాగానే, 2013లో సియోల్ పొరుగున ఉన్న సంగ్‌నామ్ నగరంలోని బొక్‌జంగ్ హైస్కూల్, సియోల్‌లోని గురో ప్రాంతపు యంగ్‌రిమ్ మిడిల్ స్కూల్ తమ దుకాణాలను సహకార సంఘాలుగా మార్చుకున్నాయి. విద్యార్థులు, తల్లిదండ్రులు, టీచర్లు కలిసి సభ్యులు. ఏ సరుకు పెట్టాలి, ధర ఎంత, మిగులు ఎటు పోవాలి అన్నది సభ్యుల తీర్మానం. తర్వాత మరెన్నో బడులు ఆ బాట పట్టాయి. నాకు ఇందులో ఆరోగ్యకరమైన తిండి కంటే విలువైనదిగా కనిపించేది వేరే ఉంది. పదిహేనేళ్ల పిల్ల తాను కొనే వస్తువు మీద ఏం రాసి ఉందో చదివి, ఇది మన దుకాణంలో వద్దని చేయెత్తి ఓటు వేసింది. నిషేధం ఆ పిల్లకు ఆ అవకాశం ఎన్నటికీ ఇవ్వదు.

ఇప్పుడు మన ఊళ్ల వైపు వద్దాం. మన ఉన్నత పాఠశాల ఉదయం 9 గంటలకు మొదలై సాయంత్రం నాలుగుంపావు దాకా నడుస్తుంది. తండాల నుంచి, శివారు ఆవాసాల నుంచి వచ్చే పిల్లలు ఎనిమిదింటికే ఇల్లు వదలాలి. కలుపుతీతల రోజుల్లో, నాట్ల రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో తల్లులు అంతకంటే ముందే ఆటోల్లో కూలికి బయలుదేరతారు. తినీ తినక వచ్చిన పిల్లకు పదకొండు కాకముందే కడుపు కాలుతుంది. మధ్యాహ్న భోజనం ఆ మంటను ఆర్పుతుంది, మూడున్నరకు మళ్లీ మొదలవుతుంది. పదో తరగతి పిల్లలకు ఆపైన స్పెషల్ క్లాసులు. ఎదిగే వయసులో ఆకలి రోజుకు ఒక్కసారి, అదీ ప్రభుత్వం వడ్డించే వేళకే వేస్తుందనుకోవడం లెక్క తప్పడమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం, 2019–21 నాటికి తెలంగాణలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో దాదాపు 65 శాతం మందికి రక్తహీనత. అంటే తొమ్మిది, పది తరగతుల్లోనో ఇంటర్‌లోనో మన ముందు కూర్చున్న ప్రతి ముగ్గురు అమ్మాయిల్లో ఇద్దరి రక్తంలో సత్తువ చాలదు. వాళ్లలో చాలామందికి ఇంటర్వెల్లో దొరికేది ఉప్పు, నూనె, మసాలా పట్టించిన మక్కపిండి గొట్టాలే.

భోజనాల మధ్య వేసే ఈ ఆకలిని ప్రభుత్వాలు గుర్తించలేదని అనలేం. ఆంధ్రప్రదేశ్ 2020 నుంచి మధ్యాహ్న భోజనంతో పాటు పల్లీ చిక్కీ ఇచ్చింది, 2023లో రాగిజావ చేర్చింది. తమిళనాడు 2022 సెప్టెంబరులో ప్రాథమిక పాఠశాలల్లో ఉదయపు అల్పాహారం మొదలుపెట్టి, మరుసటి ఏడు రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ విస్తరించింది. తెలంగాణలో 2023 అక్టోబరు 6న ప్రారంభమైన అల్పాహార పథకం అలా ఊరూరా వేళ్లూనలేదు. అయితే పదో తరగతి స్పెషల్ క్లాసుల పిల్లలకు సాయంత్రం చిరుతిండి ఇచ్చే పద్ధతి మన దగ్గర ఉంది. 2025లో పరీక్షలకు ముందు ఒక్కో విద్యార్థికి రోజుకు 15 రూపాయల లెక్కన ఉడికించిన బొబ్బర్లు, పెసర్లు, శనగలు, పల్లీపట్టీ, ఉల్లిపాయ పకోడీ, చిరుధాన్యాల బిస్కెట్లు ఇచ్చారు. బడిలో గుగ్గిళ్లు వండడం కుదరదు, పిల్లలు తినరు అన్న మాటకు ఇదే జవాబు. అదే బడిలో, అదే వంటగదిలో, అవే చేతులతో అది జరిగింది. జరిగింది కొద్ది వారాలు, ఒక్క తరగతికి. పరీక్ష రాసే పిల్లకే ఆకలి వేస్తుందా, ఆరో తరగతి పిల్లకు వేయదా అన్న ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

ఇక డబ్బు సంగతి. పీఎం పోషణ్ కింద 2025 మే 1 నుంచి ప్రాథమిక తరగతుల విద్యార్థి ఒక్కరికి రోజువారీ వంట సరుకుల ఖర్చు 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 10 రూపాయల 17 పైసలు. బియ్యం వేరు, గుడ్డుకు రాష్ట్రం ఇచ్చేది వేరు. పప్పు, కూరగాయలు, నూనె, పోపు, వంటచెరకు అన్నీ ఆ మొత్తంలోనే. దాని పక్కన పిల్లవాడి జేబులోని అయిదు రూపాయల బిళ్లను పెట్టి చూడండి. మూడో తరగతి పిల్లవాడు రోజుకొక ప్యాకెట్ కొంటే, అతని మధ్యాహ్న భోజనం సరుకులకు దేశం పెట్టే ఖర్చులో దాదాపు నాలుగింట మూడు వంతులు అతని తల్లి ఆ ప్యాకెట్ మీద పెడుతున్నట్టే. తిండి మీద పేద కుటుంబం పెట్టే ఈ రెండో ఖర్చు సంగతి ఎక్కడా మాట్లాడం. ఆ అయిదు రూపాయలకు ఏమొస్తోంది? గాలి నింపిన సంచీ అడుగున కొన్ని ముక్కలు. కిలో పల్లీలు 150 రూపాయల లెక్కన చూసుకున్నా పాతిక గ్రాములు నాలుగు రూపాయలలోపే పడతాయి, అందులో ఆరు గ్రాములకు పైగా మాంసకృత్తులుంటాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 10–12 ఏళ్ల పిల్లలకు రోజుకు దాదాపు 32 గ్రాములు కావాలంటారు. అంటే గుప్పెడు పల్లీలతో దాదాపు అయిదో వంతు తీరుతుంది. ఇది పల్లీ పండే నేల. బొబ్బర్లు, పెసర్లు, కందులు పండే నేల. బత్తాయికి పేరుమోసిన పాత నల్లగొండ జిల్లా. ఇక్కడి పిల్లల చేతికి ఇక్కడి పంట కంటే ఎక్కడో ఫ్యాక్టరీలో గాలి ఊది మూసిన సంచీ సులువుగా అందుతోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన జీఎస్టీ మార్పులతో బిస్కెట్లు, చాక్లెట్ల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది, ప్యాకెట్ మిక్చర్ల మీద 12 నుంచి 5కు దిగింది. కూల్‌డ్రింకులకు మాత్రం 40 శాతం వేశారు. ఇంటి బడ్జెట్‌కు అది ఉపశమనమే కావచ్చు. బడి గేటు దగ్గర మాత్రం పోటీ ఇంకాస్త కఠినమైంది.

మరి చట్టం లేదా అంటే ఉంది. ఢిల్లీ హైకోర్టులో ఒక స్వచ్ఛంద సంస్థ 2010లో వేసిన వ్యాజ్యంతో మొదలైన కదలిక పదేళ్లకు ఒక రూపం తీసుకుంది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 సెప్టెంబరులో నిబంధనలు ప్రకటించింది. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న పదార్థాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ పిల్లలకు అమ్మకూడదు, వాటి ప్రచారమూ చేయకూడదు. 2021 జులై 1 నుంచి ఇది అమలులో ఉన్నట్టు లెక్క. పొగాకు విషయంలో 100 గజాల నియమం 2003 చట్టం నుంచీ ఉంది. మన బజార్లను కళ్లతో చూసేవారికి ఈ రెండు నియమాల అమలు ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. అధికారుల నిర్లక్ష్యం అని తేల్చేయడం తేలిక. నిజానికి ఆ నియమం రాసిన తీరులోనే లోపముంది. ఏది అమ్మకూడదో చెప్పింది. గేటు దగ్గర అది మాయమైన రోజున పిల్ల ఏం తినాలో, ఎవరు తెచ్చిపెట్టాలో, అయిదు రూపాయలకు ఎలా ఇవ్వాలో చెప్పలేదు. ఆకలితో ఉన్న పిల్లకు యాభై మీటర్లు ఎంత దూరం? ఇంగ్లండులో 2006లో రోథరహామ్ దగ్గరి రామార్ష్ స్కూల్లో మెనూ మార్చి, మధ్యాహ్నం బయటికి పోవద్దని గేటు మూసినప్పుడు, కొందరు తల్లులే కంచె మీదుగా బర్గర్లు, వేపుళ్లు అందించారు. ఆ తల్లులను దేశమంతా తిట్టిపోసింది. పిల్లలను, తల్లులను అడక్కుండా పైనుంచి దించిన మంచి తిండికి పట్టిన గతి అది. తిండి మార్చేవారు తినేవారిని పక్కన పెడితే కంచె ఎంత ఎత్తున కట్టినా చాలదు.

మన దగ్గర అడగడానికి, కలుపుకోవడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు. ఈ ప్రాంతంలో సంగం అంటే పుస్తకంలో చదువుకునే విషయం కాదు. సాయుధ పోరాటం నాటి భీమిరెడ్డి నర్సింహారెడ్డిని, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యాన్ని కన్న నేల ఇది. 1978లో, 1983లో స్వరాజ్యాన్ని శాసనసభకు పంపింది తుంగతుర్తి నియోజకవర్గమే. తర్వాతి తరం డ్వాక్రా నుంచి పొదుపు సంఘాల దాకా నడిచి వచ్చింది. పావలా వడ్డీ లెక్క, తీర్మానాల పుస్తకం, నెలవారీ సమావేశం మన పల్లె ఆడవాళ్లకు నిత్యజీవితం. 2024లో ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి, గ్రామ మహిళా సంఘం అధ్యక్షురాలిని ఛైర్‌పర్సన్‌గా, ప్రధానోపాధ్యాయుడిని కన్వీనర్‌గా పెట్టింది. బడి మరమ్మతుల పనులు ఆ కమిటీల ద్వారానే జరిగాయి. యూనిఫాంలు సంఘాల సభ్యులు కుట్టారు. అదే ఏడాది మహిళా శక్తి క్యాంటీన్లు ప్రభుత్వ కార్యాలయాల్లో తెరిచారు. కలెక్టరేట్‌లో ఉద్యోగులకు టీ, టిఫిన్ అందించగల సంఘం ఉన్నత పాఠశాలలో మూడు వందల మంది పిల్లలకు గుడాలు అందించలేదా?

కావలసింది చాలా తక్కువ. వంటగది పక్కన ఒక గది, లేదా వరండా చివర ఒక కౌంటరు. ఆహార భద్రతా సంస్థ దగ్గర నామమాత్రపు రుసుముతో నమోదు. ఉదయం ఇంటర్వెల్‌కు వేయించిన పల్లీలు, పుట్నాలు, బెల్లం, అరటిపండు, కాలాన్ని బట్టి జామ, సీతాఫలం, రేగుపండ్లు, బత్తాయి. సాయంత్రానికి శనగ గుడాలో బొబ్బర గుడాలో ఉల్లిగడ్డ, నిమ్మకాయ కలిపి. వారానికి రెండు రోజులు సర్వపిండి, మక్క గారెలు, సంక్రాంతి ముందు సకినాలు. నూనె వంటలు అసలే వద్దనడం మొండితనం, పిల్లలకు కరకరలాడేది కావాలి. మంచి నూనెలో ఆ రోజుకారోజు వేయించి, మిగిలిన నూనెను మళ్లీ వాడకుండా చూసుకుంటే చాలు. ధర అయిదు రూపాయలు దాటకూడదు, ధరల పట్టిక గోడ మీద ఉండాలి. రోజు లెక్క ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలు వంతుల వారీగా రాయాలి. శాతాలు, లాభనష్టాలు లెక్కల పుస్తకంలో కష్టమనిపించే పిల్లలకు బొబ్బర్ల బస్తా మీద అవి ఎంత త్వరగా అర్థమవుతాయో ఏ లెక్కల టీచరుకైనా తెలుసు.

ఈ ప్రతిపాదనకు ఎదురయ్యే ప్రశ్నల్లో అన్నిటికంటే బలమైనది ఇది: పిల్లలకు తిండి పెట్టడం ప్రభుత్వ బాధ్యత, ఉచితంగా పెట్టాల్సింది అమ్మమంటారేమిటి? 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనం పెట్టమని ఆదేశించింది. ఆ హక్కు కోసం దేశమంతా పోరాడినవారికి బడిలో కౌంటరు అనగానే అనుమానం రావడం సహజమే, రావాలి కూడా. ఉదయం అల్పాహారం, సాయంత్రం గుగ్గిళ్లు అన్ని తరగతులకూ ఉచితంగా రావాలి. అందులో రాజీ లేదు. పదో తరగతికి ఇచ్చిన 15 రూపాయలు ఆరో తరగతి దాకా రావాలని అడుగుతూనే ఉండాలి. అయితే ఉచిత చిరుతిండి వచ్చినా పిల్లలు కొనుక్కోవడం మానరు. కొనుక్కోవడం ఆకలి ఒక్కదాని వల్ల జరగదు. తనకు నచ్చింది ఎంచుకోవడం, స్నేహితురాలికి పెట్టడం, చిల్లర లెక్కపెట్టుకోవడం ఆ వయసు ముచ్చట్లు. అన్నం పెట్టే బాధ్యత ప్రభుత్వానిది. కొనుక్కునే చోటును కనిపెట్టుకుని ఉండే బాధ్యత ఊరిది. ఒకటి చేసినందుకు రెండోది రద్దు కాదు. ఉచితంగా ఇచ్చేది ఆపేసి కౌంటరు పెడతామని ఏ ప్రభుత్వమైనా అంటే, ఈ వాదన చేస్తున్నవాళ్లే ముందు దాన్ని అడ్డుకోవాలి.

రెండో ప్రశ్న, డబ్బున్న పిల్ల, లేని పిల్ల. గోడ లోపలే కొనుగోళ్లు జరిగితే లేని పిల్ల మనసు నొచ్చుకోదా? కొరియా బడుల్లో ఇంతకంటే చేదు అనుభవం ఉంది. అక్కడ బలమైన పిల్లలు బలహీనుడిని దుకాణానికి పరుగెత్తించి, వాడి డబ్బుతోనే బన్నులు తెప్పించుకునే వేధింపు దేశమంతా చర్చకు వచ్చింది. కాబట్టి బడి దుకాణం దానంతటదే మంచి చోటు అయిపోదు. అయితే ఆ తేడా మన దగ్గర ఇప్పుడు లేదా? గేటు బయట రోజూ ఉంది, ఏ పెద్దల కంటా పడకుండా ఉంది. లోపలికి వస్తే దాన్ని తగ్గించే వీలుంటుంది. అన్నీ ఒకే ధర, చవక ధర. మిగులులోంచి ప్రతి తరగతికీ కొన్ని టోకెన్లు, అవి క్లాస్ టీచరు చేతిలో, ఎవరు వాడారో ఇతరులకు తెలియకుండా. వంతుల ప్రకారం కౌంటరు దగ్గర నిలబడే పిల్లలకూ ఆ రోజు తినేది ఉచితం. ఇవన్నీ చేసినా తేడా పూర్తిగా పోదని ఒప్పుకోవలసిందే. గేటు బయట ఉన్నదానికంటే తక్కువుంటుంది.

పిల్లలు గుడాలు తింటారా, ప్యాకెట్ రుచి మరిగిన నాలుక కదా అనేవారున్నారు. గేటు బయట చిప్స్ ఉన్నంత కాలం కొందరు అక్కడికే పోతారు, నిజమే. అందుకే 50 మీటర్ల నియమం, లోపలి దుకాణం రెండూ కలిసి నడవాలి. బయట ఆపి, లోపల తినేవారిని అడక్కుండా పెడితే రామార్ష్ కంచె. లోపల మాత్రమే నియమం పెట్టి బయట వదిలేస్తే కొరియా మూలమీది స్టోరు. రుచి సంగతి మాత్రం ముందే ఓటమి ఒప్పుకోనక్కర్లేదు. మన పిల్లలు జాతరల్లో బొరుగులు తింటారు, పత్తి చేలల్లో తంపటేసిన పల్లికాయ తింటారు, వానాకాలం కాల్చిన మక్క కంకి కోసం కొట్లాడతారు. మార్పు వచ్చింది నాలుకలో కంటే అందుబాటులో ఎక్కువ.

భద్రత గురించిన భయం న్యాయమైనది. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు అస్వస్థులైన ఉదంతం హైకోర్టు దాకా వెళ్లింది. ఆ తర్వాత ఏ ప్రధానోపాధ్యాయుడైనా బడిలో ఇంకో పొయ్యి వెలిగించడానికి జంకుతారు. దానికి సమాధానం సరుకు ఎంపికలోనే ఉంది. తొక్క ఉన్న పండు, వేయించిన గింజ, పల్లీపట్టీ త్వరగా పాడయ్యేవి కావు. గుడాలు మూడింటికి ఉడికి మూడున్నరకు అయిపోతాయి. గేటు బయట మరిగి మరిగి నల్లబడిన నూనెలో వేగేదానికి, ఏ రంగు కలిపారో తెలియని పీచు మిఠాయికి ఈ పాటి పరిశీలన కూడా లేదు. 2024 ఫిబ్రవరిలో పీచు మిఠాయిలో రోడమిన్-బి అనే బట్టల అద్దకపు రంగు దొరికి తమిళనాడు దాన్ని నిషేధించింది, మార్చిలో కర్ణాటక కృత్రిమ రంగుల మిఠాయి మీద వేటు వేసింది. బడి పెద్దల మీద నింద రాకూడదంటే బయటే ఉండనివ్వడం క్షేమం. పిల్లల క్షేమం మాత్రం అందులో లేదు. టీచర్ల మీద ఇంకో బరువు మోపకూడదన్నది కూడా సబబే. నిర్వహణ సంఘానిది కావాలి, టీచరు నెలకొకసారి లెక్క చూస్తే చాలు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది గేటు ముందు ఇప్పటికే బతుకుతున్న మనిషి. ఆ దుకాణదారులు చాలాచోట్ల ఒంటరి ఆడవాళ్లు, వృద్ధ దంపతులు, పొలం లేని కుటుంబాలు. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణాల్లో తోపుడు బండికి కొంత రక్షణ ఇచ్చింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో బండి పెట్టుకున్నవారు ఆ పేరు చెప్పుకోవచ్చు, గ్రామ పంచాయతీలో పెట్టుకున్నవారికి అది వర్తించదు. పిల్లల ఆరోగ్యం పేరుతో వీళ్ల పొట్ట కొట్టడం అన్యాయం, పైగా తెలివితక్కువ. ఏ పిల్లకు ఏది ఇష్టమో, ఏ వేళకు ఎంత అమ్ముడవుతుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. లోపలి కౌంటరు నడిపే మొదటి అవకాశం వాళ్లకే ఇవ్వాలి. సంఘంలో సభ్యత్వమిచ్చి, సంఘం అప్పుతో సరుకు మార్చుకునే వీలు కల్పించాలి. రానన్నవారికి 50 మీటర్ల అవతల చోటు చూపాలి. ప్యాకెట్ మీద దుకాణదారుకు మిగిలేది పైసల్లో ఉంటుంది. సొంతంగా చేసిన సర్వపిండి మీద, గుడాల మీద మిగిలేది అంతకంటే ఎక్కువ. ఈ లెక్క వాళ్లకు మనం చెప్పే అవసరం కూడా ఉండదు.

ఈ పని చెడిపోయే దారి ఒకటి ముందే కనిపిస్తోంది. దుకాణం నాలుగు డబ్బులు చూసిన మరుక్షణం దాన్ని వేలం వేద్దామనే మాట వస్తుంది. సంతకు, తైబజారుకు, చెరువులో చేపలకు వేలం పాడే అలవాటున్న పంచాయతీల్లో అది సహజంగానే వస్తుంది, బడికి నిధులొస్తాయి కదా అన్న మంచి మాటతోనే వస్తుంది. మరోపక్క కూల్‌డ్రింకు కంపెనీ ఉచితంగా ఫ్రిజ్ ఇస్తానంటుంది, బిస్కెట్ కంపెనీ కౌంటరుకు రంగు వేయిస్తానంటుంది. కొరియా బడులు మొదట పోగొట్టుకున్నది ఈ అద్దె దగ్గరే, సహకార సంఘాలతో తిరిగి సంపాదించుకున్నదీ అక్కడే. అందుకని జూన్‌లో బడులు తెరిచినప్పుడు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ మొదటి సమావేశంలోనే మూడు సంగతులు తీర్మానాల పుస్తకంలోకి ఎక్కాలి. ఈ గదికి అద్దె లేదు, వేలం లేదు. ఏ కంపెనీ పేరూ గోడ మీదికి, ఫ్రిజ్ మీదికి రాదు. ఏ సరుకు పెట్టాలో తేల్చే సమావేశంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు కూర్చుంటారు, వాళ్లకూ పెద్దలతో సమానంగా ఓటుంటుంది, సంతకం వాళ్లూ పెడతారు.